పాత పికప్పు బండ్లలో క్లచ్చు మొదలు వెనుక ఇరుసు వరకు కలుగు లోపములు

కాలువలు కట్టివేసిన పిమ్మట, ఏరువాక సాగుటకు ముందు, డెల్టా రైతునకు కొన్ని వారముల తీరిక చిక్కును. లాకులు, తూములు, గట్లు బాగుచేయించుట ఆ దినములలోనే జరుగుచుండును. పికప్పు బండి గల సభ్యులు దానిని జాకీమీద కెత్తించి అడుగుభాగమును చూచుకొనవలసిన కాలమును అదియే యని మా యభిప్రాయము. కోతలు మొదలైన పిమ్మట బండి రెండు దినములు నిలిచినను కళ్ళములోని ధాన్యము వానపాలగునను భయము పట్టుకొనును. అప్పుడు షెడ్డువారు చెప్పినదే వెల, వేసినదే సామాను.

సామర్లకోట ప్రాంతమున సరకు చేరవేయు సాధనములు కాలానుగుణముగ మారుచు వచ్చినవి. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట కాలువలు నీటిపారుదలకే గాక పడవలకును మార్గములైనవి. ఒకప్పుడు సామర్లకోటనుండి ఇటు కాకినాడకును, అటు రాజమహేంద్రవరమునకును సరకు పడవలపై పోవుచుండెడిది. రైలు వచ్చిన కొలది పడవలు తగ్గినవి. తరువాత ఎద్దుబండ్లును తగ్గినవి. నేడు కళ్ళమునుండి మిల్లునకు, పొలమునుండి సంతకు సరకు చేర్చునది ట్రాక్టరు, కాకున్న పికప్పు. మహీంద్రావారు 1947లో విల్లీసు జీపులను మన దేశమున కూర్చుట ఆరంభించిరి. వారి బొలేరో 2000లో వెలువడినది. టాటావారి టాటామొబైలు 1988లోను, ఏస్ అను చిన్నబండి 2005లోను వచ్చినవి. పేర్లు వేరైనను మనవారు వాడు ఇట్టి బండ్లలో చాలవాని కట్టుబడి యొక్కటియే. ఇంజను ముందుండును, బలము వెనుక చక్రములకు పోవును, వెనుక ఇరుసు కమాను పట్టీలపై కూర్చుండును. కావున వీనికి వచ్చు రోగములును ఇంచుమించుగా నొక్కటియే.

క్రొత్తబండి కొనలేని సభ్యులు పది పండ్రెండేండ్లు నడచిన బండిని అప్పు తెచ్చి కొనుచున్నారు. అందు తప్పు లేదు. అయితే కొనువారందరును ఇంజను శబ్దము విని, పొగ చూచి, రంగు చూచి తృప్తిపడుదురు. ఇంజనునుండి చక్రమువరకు గల భాగములను చూచువారు అరుదు. మా యెరుకలో పాతబండి యజమానిని అప్పులో ముంచినది తరచుగా ఇంజను గాదు, దాని వెనుకనున్న ఈ భాగములే.

గడచిన సార్వా కోతలలో మన సభ్యులలో నొకరికి జరిగిన దానిని, వారి యనుమతితో, ఇచ్చట చెప్పుచున్నాము. వారి బండి వెనుక ఎడమచక్రము లోపలినుండి నూనె కారుచుండెను. ఒక షెడ్డులో ఆయిలు సీలు మార్చిరి. నెల తిరుగకుండ మరల కారినది. మరల మార్చిరి. మూడవసారియు మార్చి, ఈ దినములలో సీళ్ళన్నియు నాసిరకములే యని సమాధానము చెప్పిరి. కోతలనాడు విత్తనపు బస్తాలతో కాలువగట్టు దిగుచుండగా బ్రేకు త్రొక్కినంతనే బండి ఒక ప్రక్కకు లాగి బోదెలో పడినది. నూనెతో తడిసిన ఎడమ బ్రేకు పట్టలేదు; కుడి బ్రేకు పట్టినది. ప్రాణాపాయము తప్పినను బండి నడుపుచున్న వారి కుమారునికి భుజము విరిగినది. విత్తనము తడిసి మొలకెత్తినది. తరువాత బండి విప్పించి చూడగా సీలునందు దోషము లేదు. వెనుక హౌసింగు నెత్తిమీద నుండు చిన్న గాలిరంధ్రము నల్లరేగడి మట్టితో బిగిసి ఇటుకవలె గట్టిపడియుండెను. దానిని శుభ్రపరచుటకు చీపురుపుల్ల చాలును.

ఇట్లు ఏల జరిగెనో తెలియుటకు బలము ప్రయాణము చేయు మార్గమును ముందు తెలిసికొనవలెను.

ఎద్దుబండిలో ఇరుసు తిరుగదు. ఎద్దులు లాగును, చక్రములు ఇరుసుపై తిరుగును. కందెన వేసి కడచీల చూచుకొన్న చాలును. పికప్పులో వెనుక చక్రమును త్రిప్పునది ఇరుసు లోపలి కడ్డీయే. ఇంజను బలము మొదట క్లచ్చును చేరును. క్లచ్చు ఆ బలమును వలసినపుడు కలుపును, వలదన్నపుడు విడదీయును. అచ్చటినుండి గేరుపెట్టెకు, అచ్చటినుండి బండి పొడవున నుండు ప్రొపెల్లరు షాఫ్టునకు, దానినుండి వెనుక హౌసింగులోని పినియనునకు పోవును. చిన్నదగు పినియను పెద్దదగు క్రౌను చక్రమును త్రిప్పును. క్రౌను నడుమ నుండు డిఫరెన్షియలు ఆ బలమును రెండు యాక్సిలు కడ్డీలకు పంచును. మలుపులో వెలుపలి చక్రము ఎక్కువ దూరమును, లోపలి చక్రము తక్కువ దూరమును తిరుగవలసియుండును గనుక ఈ పంపకము అవసరమైనది.

ఈ మార్గమున బలము పెరుగుచు పోవును. ఉదాహరణకు మొదటి గేరు నాలుగింతలు చేయునదనుకొందము. పినియనుకు 9 పళ్ళు, క్రౌనుకు 41 పళ్ళు ఉన్నచో అది మరల నాలుగున్నర యింతలు చేయును. రెండును కలిసి ఇంజను ఇచ్చిన మెలిత్రిప్పుడు బలము యాక్సిలును చేరునప్పటికి దాదాపు పదునెనిమిదింతలగును. బరువుతో బురదలో మొదటి గేరు వేసి క్లచ్చును దభాలున విడిచినపుడు ముందుగా తెగునది వెనుకనున్న భాగమేలనో దీనివలన తెలియును.

ఇక గాలిరంధ్రమును గూర్చి. దీనిని బ్రీదరు అందురు. బండి నడచుకొలది హౌసింగులోని నూనెయు గాలియు వేడెక్కును. వేడెక్కిన గాలి వ్యాకోచించి బయటికి పోగోరును. రంధ్రము మూసికొనిపోయినచో ఆ గాలి నూనెను సీళ్ళ అంచులవెంట బయటికి నెట్టును. పినియను వైపు కారిన నూనె నేలపై పడి కంటికి కనబడును. చక్రమువైపు కారినది బ్రేకు డ్రమ్ములోనికి పోయి కంటికి కనబడదు. దీనికి విపర్యయమును గలదు. వేడెక్కిన బండిని చల్లని నీటిలోనికి దింపినపుడు లోపలి గాలి ఒక్కసారిగా ముడుచుకొని నీటిని సీళ్ళగుండ లోపలికి పీల్చుకొనును. 2024 సెప్టెంబరులో ఏలేరు వరద పిఠాపురము, గొల్లప్రోలు ప్రాంతముల పొలములను ముంచినపుడు వలె, బండి ఇరుసు మునుగునంత నీటిలో నడిపినవారు ఆ వారములోనే హౌసింగు నూనెను చూడవలెను. నూనె పాలవలె తెల్లబారియున్నచో నీరు చేరినదని నిశ్చయము. అట్టి నూనెతో బండి నడిపిన బేరింగులు త్రుప్పుపట్టి కొన్ని నెలలలో అరచుట మొదలిడును. అప్పుడు వరద సంగతి ఎవ్వరికిని జ్ఞాపకముండదు.

ఏ భాగము చెడినదో చాలవరకు శబ్దమే చెప్పును. శబ్దము ఎంత పెద్దదో వినుట కంటె, అది ఎప్పుడు పుట్టి ఎప్పుడు ఆగునో గమనించుట ముఖ్యము.

బండి నిలిపి, గేరు లేకుండ ఇంజను నడుచుచుండగా వినుడు. క్లచ్చు పెడలుపై కాలు వేయనపుడు గరగర వినబడి, పెడలు త్రొక్కినంతనే ఆగినచో గేరుపెట్టె ముందరి బేరింగును అనుమానింపవలెను. పెడలు త్రొక్కినపుడు పుట్టి, విడిచినపుడు ఆగినచో అది క్లచ్చులోని రిలీజు బేరింగు. ఈ రెంటికిని భేదము తెలియక గేరుపెట్టె మొత్తము విప్పించుకొన్నవారు గలరు. రిలీజు బేరింగు శీఘ్రముగ అరుగుటకు ముఖ్యకారణము నడుపునప్పుడు ఎడమకాలిని పెడలుపైననే ఉంచు అలవాటు.

క్లచ్చు జారుట మరియొక సంగతి. ఇంజను వేగము హెచ్చును గాని బండి వేగము హెచ్చదు. బరువుతో గట్టు ఎక్కునపుడు కాలిన వాసన వచ్చును. సంశయమున్నచో చదునైన చోట, ఎదుట ఎవ్వరును లేకుండ చూచుకొని, చక్రములకు అడ్డురాళ్ళు పెట్టి, చేతిబ్రేకు గట్టిగా లాగి, మూడవ గేరు వేసి క్లచ్చును మెల్లగా విడువవలెను. ఇంజను ఆగిపోయినచో క్లచ్చు పట్టుచున్నది. ఆగక తిరుగుచునే యున్నచో జారుచున్నది. ఈ పరీక్షను ఒక్కసారికి మించి చేయరాదు. బాగున్న క్లచ్చును గూడ అది కాల్చివేయును. క్లచ్చు ప్లేటు మార్పించునపుడు పాత ప్లేటును చేతబట్టుకొని చూడుడు. అది అరిగియున్నదా, నూనెతో తడిసియున్నదా? నూనెతో తడిసినచో ఇంజను వెనుక సీలో, గేరుపెట్టె ముందు సీలో కారుచున్నది. దానిని విడిచి ప్లేటు మాత్రము మార్చిన యెడల క్రొత్త ప్లేటును త్వరలోనే జారును. జారుటకు బదులు క్లచ్చు పూర్తిగా విడువకున్నచో గేరు వేయునపుడు, ముఖ్యముగా వెనుకగేరు వేయునపుడు, పళ్ళు రాచుకొన్న శబ్దము వచ్చును. ద్రవముతో పనిచేయు క్లచ్చులలో దీనికి కారణము తరచుగా సిలిండరు కారుటయే. గేరుపెట్టెను నిందించుటకు ముందు ఆ చిన్న డబ్బాలో ద్రవము ఎంతయున్నదో చూడవలెను.

గేరుపెట్టెను గూర్చి చెప్పవలసినది కొంచెమే. ఒక గేరునుండి మరియొక గేరునకు మారునపుడు వేగములను సమానము చేయుటకు ఇత్తడి యుంగరములు ఉండును. అవి అరిగినచో ఆ గేరు మాత్రము గరగరమని పడును; రెండవ గేరులో ఇది సామాన్యము. వేసిన గేరు తనంతట ఊడివచ్చుచున్నచో లోపలి ఫోర్కు, స్ప్రింగు, పళ్ళ అంచులు అరిగియుండవచ్చును; ఐనను ముందుగా ఇంజనును గేరుపెట్టెను మోయు రబ్బరు దిమ్మలను చూపింపుడు. అవి చిరిగినప్పుడును గేరు ఊడుట కలదు. నూనె విషయమున ఒక హెచ్చరిక. హౌసింగునకు జీ.యల్. 5 అను రకమును, అనేకమైన గేరుపెట్టెలకు జీ.యల్. 4 అను రకమును చెప్పబడినవి. రెండింటిపైనను 90 అను చిక్కదనపు సంఖ్య ఉండవచ్చును గనుక రెండును ఒకటియే యని పోయుచున్నారు. జీ.యల్. 5లోని కొన్ని మందులు ఇత్తడికి హాని చేయగలవు. బండి పుస్తకములో ఏది వ్రాసియున్నదో అదియే పోయింపవలెను.

ప్రొపెల్లరు షాఫ్టు మిక్కిలి నిర్లక్ష్యమునకు గురియైన భాగము. బరువును బట్టి వెనుక ఇరుసు క్రిందకు మీదకు ఊగుచుండును గనుక షాఫ్టు వంగుచు తిరుగుటకై రెండు చివరల శిలువ ఆకారముగల జాయింట్లు ఉండును. 17వ శతాబ్దపు ఆంగ్లశాస్త్రజ్ఞుడు రాబర్టు హుక్కు పేర దీనిని హుక్కు జాయింటని యందురు. మన షెడ్లలో క్రాసు అందురు. శిలువ నాలుగు కొమ్ములకు సన్నని సూదులవంటి రోలర్లుగల గిన్నెలు ఉండును. గ్రీజు ఎండినచో ఆ సూదులు త్రుప్పుపట్టి పొడియగును. మొదటి గుర్తు మెల్లగా నడుపునపుడు చక్రపు తిరుగుడుతో సమానముగ వచ్చు పిచ్చుక కూతవంటి శబ్దము. రెండవ గుర్తు బండి కదలునపుడును, ముందునుండి వెనుకకు మార్చునపుడును టక్కుమను దెబ్బ. పిచ్చుక కూత వద్దనే జాగ్రత్తపడినచో క్రాసు ఒక్కటి మార్చిన సరిపోవును.

గ్రీజు వేయుటలోను ఒక పద్ధతి కలదు. గన్నుతో రెండు దెబ్బలు కొట్టి విడుచుట చాలదు. నాలుగు గిన్నెల అంచులనుండియు క్రొత్త గ్రీజు తొంగిచూచువరకు కొట్టవలెను. ఒక గిన్నెనుండి రానిచో ఆ కొమ్ము ఎండిపోవుచున్నదని యర్థము. నీటిలో దిగిన బండికి ఆ సాయంకాలమే గ్రీజు వేయుట ఉత్తమము.

ఇచ్చట మేస్త్రీలు తరచుగా చేయు పొరపాటొకటి చెప్పవలెను. వంగి తిరుగు జాయింటు ఒక చుట్టులో రెండుసార్లు వేగము హెచ్చి రెండుసార్లు తగ్గును. రెండవ చివరనున్న జాయింటు దానికి సరిగా ఎదురుపనిచేసి ఆ హెచ్చుతగ్గులను అణచివేయును. షాఫ్టు నడుమ జారు పళ్ళగొట్టమును ఊడదీసి, ఒకటి రెండు పళ్ళు తప్పించి మరల కూర్చినచో ఈ పొంతన చెడి బండి యంతయు వణకును. అప్పుడు చక్రములు తూకము వేయింతురు, టైర్లు మార్తురు, వణకు పోదు. షాఫ్టు ఊడదీయుటకు ముందు రెండు ముక్కలపైనను ఎదురెదురుగా సున్నముతోనో రంగుతోనో గుర్తు పెట్టింపుడు. పొడుగు బండ్లలో షాఫ్టు నడుమ రబ్బరులో కూర్చిన సెంటరు బేరింగు ఉండును. బయలుదేరునపుడు మాత్రము వణకి, వేగమందిన తరువాత శాంతించు బండికి దానిని ముందు చూడవలెను.

షాఫ్టు విరిగిన యెడల మరియొక ప్రమాదము గలదు. గేరులో వేసి నిలిపితిమి గనుక బండి కదలదని మనవారు నమ్ముదురు. షాఫ్టు విరిగిన తరువాత గేరునకును చక్రమునకును సంబంధమే యుండదు. కొన్ని పాత జీపులలో చేతిబ్రేకు గూడ చక్రములపై గాక గేరుపెట్టె వెనుక షాఫ్టుపైననే పట్టును. అదియు అప్పుడు వ్యర్థము. గట్టుమీద బండి చెడినపుడు ఎవ్వరును దాని వెనుక నిలువక, మొదట చక్రములక్రింద రాళ్ళు వేయవలెను. ఎద్దుబండి వాడిన మన పెద్దలకు ఇది చెప్పనక్కరలేకుండెను.

హౌసింగునందలి శబ్దమును టైరు శబ్దమునుండి వేరుచేయుట తెలియవలెను. తారురోడ్డునుండి సిమెంటురోడ్డు ఎక్కినపుడు మారినచో అది టైరు. బండిని విశాలమైన చోట కొంచెము కుడికి, కొంచెము ఎడమకు త్రిప్పినపుడు హెచ్చుచు తగ్గుచు ఉన్నచో చక్రపు బేరింగు. కుడికి త్రిప్పినపుడు బరువు ఎడమ చక్రముపై పడును గనుక అప్పుడు హెచ్చినచో ఎడమది. యాక్సిలరేటరు త్రొక్కినపుడు ఊళయు, విడిచినపుడు వేరొక ఊళయు వచ్చినచో పినియను, క్రౌను. తిన్నగా పోవునపుడు నిశ్శబ్దముగనుండి మలుపులో మాత్రమే టకటకలాడినచో డిఫరెన్షియలు లోపలి చిన్నపళ్ళ చక్రములు. ఈ చివరిది మన బురదపొలముల పుణ్యము. ఒక చక్రము దిగబడి గిరగిర తిరుగుచు రెండవది కదలకున్నపుడు ఆ చిన్న చక్రములు తమ ఇరుసుకడ్డీపై ఎన్నడును లేని వేగముతో తిరిగి, నూనె అందక కాలి పట్టుకొనిపోవును. దిగబడిన బండిని ఇంజనుతో బాదుటకంటె పది బస్తాలు దింపి, చక్రముక్రింద గడ్డియో బల్లయో వేయుట చౌక.

క్రౌను, పినియను విడివిడిగా మార్చుట పనికిరాదు. ఆ రెండును జతగా నూరబడి, జతసంఖ్యతో వచ్చును. పాతదొకటి, క్రొత్తదొకటి కూర్చిన బండి ఊళవేయును. పళ్ళు త్వరగా విరుగును. చౌకయని పాతసామాను దుకాణమున విడిభాగము కొనువారు ఈ సంఖ్యలు రెంటిపైనను ఒకటియే యగునా యని చూచుకొనవలెను.

బరువును గూర్చి వ్రాయుట మాకును ఇబ్బందియే. బాడుగ బస్తాలను బట్టి వచ్చును గదా. ఐనను లెక్క చూపక తప్పదు. 2005లో వెలువడిన ఏస్ బండి మోయదగిన బరువు 750 కిలోలు. మన గోదావరి బస్తా 75 కిలోలు. అనగా పది బస్తాలు. ఇరువది వేసినను బండి కదలును. ఆ కదలుటయే మనలను మోసపుచ్చుచున్నది. తారురోడ్డుపై పోవునంతసేపు దోషము బయటపడదు. గట్టు ఎక్కునపుడు, గోతినుండి లేచునపుడు ఆ హెచ్చు బరువంతయు పదునెనిమిదింతల బలము మోయు యాక్సిలుపైనను, పినియను పళ్ళపైనను పడును.

పాతబండి కొనబోవు సభ్యులు మేస్త్రీని వెంటబెట్టుకొని పోవుట మంచిది. అతడు లేకున్నను ఈ పనులు తామే చేయవచ్చును. ఇంజను ఆపి, చక్రములకు రాళ్ళు పెట్టి, గేరు తీసి, క్రిందికి చేయి చాచి షాఫ్టును ఇటునటు మెలిత్రిప్పుడు. క్రాసులో ఏ మాత్రము ఆట తగులరాదు. హౌసింగు వైపున కొంచెము ఆట సహజము, దెబ్బవంటి శబ్దము సహజము గాదు. రెండు వెనుక చక్రముల లోపలి వైపులను దీపము వేసి చూడుడు; ధూళి నల్లగా తడిసి అంటుకొనియున్నచో నూనె కారుచున్నది. పది మైళ్ళు నడిపించి, దిగి, నాలుగు హబ్బులవద్దను చేయి దగ్గరగా పెట్టి చూడుడు; మూడింటికంటె ఒకటి మిక్కిలి వేడిగా నున్నచో దానిలో బేరింగో, పట్టుకొన్న బ్రేకో కలదు. అమ్మువారు బండి క్రింది భాగమును అప్పుడే కడిగించి, రంగు వేయించి తెచ్చినచో ఎక్కువ జాగ్రత్తగా చూడుడు.

నూనె మార్పించునపుడు ముందు పైనున్న నింపు బిరడాను విప్పించి, అది వచ్చిన తరువాతనే క్రింది బిరడాను విప్పింపవలెను. పాతబండ్లలో పై బిరడా త్రుప్పుపట్టి ఊడకపోవుట కలదు. నూనెయంతయు కారిపోయిన పిమ్మట ఆ సంగతి తెలిసినచో బండి అచ్చటనే నిలిచిపోవును. క్రింది బిరడాకు అయస్కాంతము ఉన్నచో దానికి అంటిన బూడిదవంటి ముద్ద అరుగుదల వలననైనది, భయపడనక్కరలేదు. గోటికి తగులునంతటి ముక్కలు అంటియున్నచో ఏదో పన్ను విరిగినది, విప్పించి చూడవలసినదే. చదునైన నేలపై బండి నిలిపి పై రంధ్రపు అంచువరకు నూనె వచ్చునట్లు పోయించి, బిరడా బిగించుటకు ముందే పైనున్న బ్రీదరును చీపురుపుల్లతో పొడిచి, దాని మూత అటునిటు కదలుచున్నదో లేదో వ్రేలితో చూచుకొనవలెను.